తాళము పడిన ఇండ్లు

రెండవ యింటిపై హెచ్చుపన్ను విధించుట సొమ్ముగలవారిపై కక్షసాధింపని వాదించు పెద్దలు ఇంగ్లండునందు గలరు, మన దేశమునందును గలరు. “నా సొమ్ముతో గొన్న యింటికి నేను తాళము వేసికొందునో, తలుపులు తెఱచుకొందునో నా యిష్టము; నడుమ సర్కారున కేమి పని?” అని వారి ప్రశ్న. వినుటకు సొంపుగనే యున్నది. కాని యీ ప్రశ్న వేయువారు ఇల్లనునది సముద్రమధ్యమున నొంటిగా నిలిచియున్నట్లు మాటలాడుదురు. ఇంటిముందు వీధి యున్నది; వీధికి ఊరున్నది; ఊరికి బడి యున్నది, అంగడి యున్నది. ఒక యింటికి తాళము పడినంతమాత్రమున ఊరికి నష్టము లేదు. పదింట నొకటికి పడినప్పు డేమగునో తెలియగోరువారు వేల్సు దేశపు వాయవ్యమూల నున్న గ్వినెద్ సీమను జూడవలయును.

వేల్సు చిన్న దేశము. వెల్షుభాష ఆ ద్వీపమున ఇంగ్లీషుకంటె ప్రాచీనమైనది. శతాబ్దములుగా రాజభాష యొత్తిడిచే నలిగి, 2011వ సంవత్సరపు జనగణనలో నూటికి 19 మందికి, 2021లో 17.8 మందికి మాత్రమే వచ్చినట్లు లెక్కకు దేలినది. గ్వినెద్‌లో మాత్రము ఇంకను నూటికి 64 మంది దానిని మాటలాడుదురు. ఆ భాషకు మిగిలిన కోట యదియే. కొండలును, సముద్రమును గలసి అందచందములు గుప్పించిన యీ సీమయందే ఇంగ్లండు నగరముల ధనికులు వేసవి దినములు గడపుటకై ఇండ్లు గొనుచు వచ్చిరి. అచ్చటి సేద్యగాని కూలియు, హోటలు పనివాని జీతమును స్వల్పములు. ఇంటివెలయో, నగరమున సంపాదించినవాని సంచినిబట్టి నిర్ణయింపబడును. ఒకే సరకునకు ఇరువురు బేరగాండ్రు. ఒకనికి అది తలదాచుకొను చోటు, మఱియొకనికి మూడు వారముల వినోదము. వేలమున నెవడు గెలుచునో చెప్పనక్కఱలేదు. పుట్టిన యూర ఇల్లు గొనుటకు తాహతులేనివారు ఆ సీమ జనములో సగమునకు మించియున్నారు.

లీన్ ద్వీపకల్పమున ఆబర్‌సోఖ్ అను తీరగ్రామము గలదు. వేసవిలో పడవలతోను, బండ్లతోను కిటకిటలాడు స్థలము. ఆ యూరి ప్రాథమిక పాఠశాల 2021 డిసెంబరు నెలాఖరున మూయబడెను. బడి నడపుటకు ధనము లేక కాదు, పిల్లలు లేక. మిగిలిన పిల్లలు పదిమందియైనను లేరు. పిల్లలుండవలెనన్న పడుచు దంపతులు కాపురముండవలె. కాపురముండవలెనన్న ఇల్లు వారికందుబాటులో నుండవలె. ఇండ్లకు కొఱతలేదు గదా, వీధి పొడవున నున్నవే యని చూపువారికి మేమేమి చెప్పగలము? శీతకాలపు సాయంకాలమున ఆ వీధిలో నెన్ని దీపములు వెలుగునో లెక్కింపుడనియే చెప్పుదుము.

ఈ సీమవారికి ఊరు పోగొట్టుకొనుట కొత్త కాదు. లివర్‌పూలు నగరమునకు నీరు గావలసివచ్చి 1965లో కాపెల్ కెలిన్ గ్రామమును, దాని బడితోడను ప్రార్థనామందిరముతోడను, నీట ముంచివేసిరి. వేల్సుదేశపు పార్లమెంటు సభ్యు లించుమించుగా అందఱును వలదన్నను వినినవారు లేకపోయిరి. ఆ గాయము నేటికిని మానలేదు. అయినను ఆనాటి యన్యాయమునకు ఒక శాసనమైన నుండెను, వేలెత్తి చూపుటకు ఒక నగరమైన నుండెను. తాళములచేత ఊరు పోవునప్పుడు నిందించుటకు ఎవడును గానరాడు. కొన్నవాడు న్యాయముగా గొనెను, అమ్మినవాడు న్యాయముగా నమ్మెను.

నిందింప నెవడును గానరానప్పుడు కొందఱు నిప్పును నమ్ముకొందురు. 1979 డిసెంబరు మొదలు పండ్రెండేండ్లకు పైగా ఆ దేశమున రెండువందలకు మించిన వేసవియిండ్లు రాత్రులందు తగులబెట్టబడెను. ఈ దౌర్జన్యమును మేము సమర్థింపజాలము. పరుని యిల్లు గాల్చుటచేత నిలువనీడలేనివానికి నీడ యేర్పడదు, ఏర్పడలేదు కూడ. కాని యిన్ని యిండ్లు గాలువఱకు ఏలినవారి చెవి కెక్కని మొఱ, ఆ మంటలు చల్లారిన పిమ్మట ఇరువదియేండ్లకు గాని శాసనరూపము దాల్పలేదని మాత్రము జ్ఞాపకముంచుకొనవలయును. “వేల్సు అమ్మకమునకు లేదు” అని గోడలపై వ్రాసి, సభలు జరిపి, ఊరినుండి ఊరికి నడచిన శాంతియుతులైన యువజనులే దానిని సాధించిరి.

2014వ సంవత్సరపు గృహశాసనము స్థానిక ప్రభుత్వసభలకు రెండవ యిండ్లపై మామూలు ఇంటిపన్నుకంటె నూటికి నూఱువఱకు అదనముగా విధించు నధికార మొసగెను. అది 2017 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినది. 2023 ఏప్రిలునుండి ఆ హద్దు మున్నూఱు శాతమునకు పెంచబడెను. గ్వినెద్ సభ మొదట 50 శాతముతో నారంభించి, 2021లో 100కును, 2023లో 150కిని పోయెను. అనగా మామూలు పన్ను 2,000 పౌనులైన యింటికి దాని యజమాని 5,000 పౌనులు చెల్లింపవలెను. ఇంగ్లండు కూడ 2023లో శాసనము జేసి, 2025 ఏప్రిలునుండి నూఱు శాతమువఱకు విధింప దన సభలకు వీలు గల్పించినది. కక్షసాధింపని కేకలు వేయువారు తమ సొంత దేశమే వెంట నడచుట చూచి యేమందురో!

ఇక నీ పన్నువలన ఇండ్ల వెలలు దిగునా యనునది అసలు ప్రశ్న. దిగునని గుడ్డిగా చెప్పువారును, దిగదని కొట్టివేయువారును ఇరువురును పొరబడినవారే. ఏడాదికి 3,000 పౌనుల అదనపు భారము శాశ్వతముగా నుండునని కొనువాడు నమ్మినచో, ఆ భారమును నూటికి అయిదు వడ్డీచొప్పున మూలధనముగా గట్టి, 60,000 పౌనులు తగ్గించి బేరమాడును. వెల దిగుట యన నిదియే. కాని రెండేండ్లలో ఎన్నికలు వచ్చును, సభ మాఱును, పన్ను పోవునని వాడు తలంచెనా, ఒక్క పౌనైనను తగ్గింపడు, ఓపికపట్టి కూర్చుండును. కావున పన్ను ఎంత యనుటకంటె పన్ను నిలుచునా యనుటయే ముఖ్యము. పెంబ్రోక్‌షైరు సభ 2024లో 200 శాతమున కెక్కించి, మఱుసటి యేడే 150 శాతమునకు దించెను. ఇట్టి యూగులాటను మించి ధనికునకు ధైర్యము చెప్పునది వేఱొకటి లేదు.

దొడ్డిదారి యొకటి గలదు. ఇంటిని యాత్రికులకు బాడుగ కిచ్చు వ్యాపారమని వ్రాయించుకొన్నచో అది ఇంటిపన్ను పట్టికనుండి తొలగి వ్యాపారపన్ను పట్టికలో జేరును. అచ్చట చిన్న వ్యాపారులకు మినహాయింపు గలదు. అందుచే ననేకులు కానియైనను చెల్లింపక తప్పించుకొనుచుండిరి. ఏడాదిలో 70 దినములు బాడుగకు పోయిన చాలునను నియమమే ఇందులకు మూలము. 2023లో దానిని 182 దినములు చేసిరి. నిజముగా వ్యాపారము చేయు చిన్నవారిలో కొందఱికి దీనివలన కష్టము గలిగినమాట వాస్తవమే. అయినను తలుపు బిగించి కిటికీ తెఱచియుంచు పన్ను పన్ను గాదు.

విరోధులు చెప్పు కారణములలో రెంటికి మేము విలువ నిచ్చెదము. తల్లిదండ్రుల యిల్లు వారసత్వముగా వచ్చిన ఊరివాని కొడుకు, ఉద్యోగమునకై దూరమున నున్నవాడు, ఆ పన్నునకు లోబడుట బాధాకరమే. అట్టివానికి గడువు నీయవచ్చును. కాని వాని పేరు చెప్పి రెండవ యింటిని వినోదార్థము గొన్నవానిని గాపాడజూచుట, బిచ్చగాని జోలెలో షావుకారు సంచి దాచుటవంటిది. పరస్థలీయులవలన అంగళ్లకు బేరము వచ్చుననుట రెండవది. వచ్చును, జూలై ఆగష్టులలో. ఏడాది పొడవున పాలు, రొట్టె కొనునది అచ్చట కాపురముండు సంసారమే గాని తాళము గాదు.

పన్నుతో బాటు మఱొక కట్టడియు గావలెను. కార్న్‌వాలునందలి సెయింట్ ఐవ్స్ పట్టణవాసులు 2016లో వోటువేసి, క్రొత్తగా గట్టు ఇండ్లు స్థిరనివాసులకే చెందవలెనని నిర్ణయించుకొనిరి. ఉద్దేశము మంచిదే. కాని పాతయిండ్ల నా నిషేధ మంటలేదు గావున ధనికుల దృష్టి వానిపై బడినది. క్రొత్తవి గట్టుటకు గుత్తదారులు వెనుదీసిరి. ఒకవైపు మాత్రమే కట్టిన గట్టు నీటిని రెండవవైపునకు మళ్లించును. స్విట్జర్లాండు ప్రజలు 2012 మార్చిలో నూటికి 50.6 వోట్లతో, ఏ గ్రామమునందైనను రెండవ యిండ్లు నూటికి ఇరువదికి మించరాదని తీర్మానించిరి. అచ్చటను కట్టడపుపనివారికి పనులు తగ్గినవి. గ్వినెద్‌వారు ఈ యనుభవము లెఱిగియే కాబోలు, ఉన్నయింటిని రెండవ యింటిగా మార్చుటకు సైతము అనుమతి గావలెనను నియమమును 2024 సెప్టెంబరు 1 నుండి పెట్టిరి. అది వెంటనే న్యాయస్థానమున కెక్కినది. పన్ను ధనమును స్థానికులకు ఇండ్లు గట్టుటకును, పాడువడినవి బాగుచేయుటకును 7 కోట్ల 70 లక్షల పౌనుల గృహప్రణాళికలో జేర్చుట వారు చేసిన పనులలో కెల్ల వివేకవంతమైనదని మా యభిప్రాయము. లోటు బడ్జెటులో గలిసిపోవు పన్ను ఎవని కిల్లు నొసగదు.

ఇప్పుడు మన యింటిసంగతి. 2011 జనగణనలో భారతదేశపు పట్టణములందు ఖాళీగా నున్న యిండ్లు సుమారు 1 కోటి 10 లక్షలు. 2012లో కేంద్ర ప్రభుత్వపు నిపుణసంఘము పట్టణములందు గృహముల కొఱత సుమారు 1 కోటి 88 లక్షలని లెక్కగట్టెను. ఖాళీయిండ్లన్నియు రెండవ యిండ్లు కావు. వ్యాజ్యములలో జిక్కినవి, ఊరికి దూరమున గట్టినవి, అద్దె కిచ్చిన మరల రాదని భయపడి మూసినవి కూడ గలవు. అయినను ఈ రెండంకెలు ప్రక్క ప్రక్కన నున్నప్పుడు పాలకులు ఏమి చేయవలసినది? వేల్సుదేశము చేసిన దానికి సరిగా విరుద్ధమును చేసిరి. 2019 వఱకు సొంత కాపురమున కొక యింటికే ఆదాయపుపన్ను మినహాయింపు; రెండవదానిని అద్దెకిచ్చినట్లే భావించి పన్ను గట్టుచుండిరి. 2019 బడ్జెటులో రెండవయింటికిని ఆ మినహాయింపు నిచ్చిరి. ఉద్యోగములకై, పిల్లల చదువులకై, తల్లిదండ్రుల సేవకై మధ్యతరగతివారికి రెండు కాపురములు తప్పవని నాడు చెప్పిరి. 2025 బడ్జెటులో ఆ షరతులను సైతము తొలగించిరి. ఇక కారణముతో నిమిత్తములేదు. రెండిండ్లున్నవానికి రెంటను మినహాయింపే. ఒక యిల్లునులేక అద్దెకున్నవానికి మాత్రము రెండిండ్లవాని కిచ్చిన కానుకలో పాలు లేదు.

ఇంతటితో తీరలేదు. మన పురపాలక సంఘములలో ఖాళీగా నున్న యింటికి ఆస్తిపన్నులో తగ్గింపు గోరుకొను పద్ధతి చిరకాలముగా నున్నది. అద్దెకు మనుషులు దొరకని కాలమున, వీధులలో ‘టులెట్’ బల్లలు వ్రేలాడినకాలమున, అది న్యాయమే. హైదరాబాదులోను విశాఖపట్టణములోను ఒక గది కొఱకు నెలజీతములో మూడవవంతు సమర్పించు గుమాస్తాల కాలమున అది యేపాటి న్యాయము? ప్రతి పురపాలక సంఘమునొద్దను ఈ తగ్గింపు బొందిన యిండ్ల లెక్క యుండితీరును. ఆ లెక్కను వార్డులవారీగా ప్రకటింపుడని మా పాఠకులు తమ తమ సభ్యులను వచ్చు సర్వసభ్య సమావేశమునకు ముందే వ్రాతమూలముగా నడుగవలయును.