పత్తి మన నేలది, పరుపు ఎవరిది?

గద్వాల ప్రాంతం పత్తి విత్తనోత్పత్తికి పేరుపొందినది. నాగర్‌కర్నూల్ జిల్లాలో పత్తి ప్రధాన పంటలలో ఒకటి. అయినను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో అదే పత్తిని ఏకి పరుపులు కుట్టే కుటుంబాలకు పని కరువైనది. పంట పండే చోటనే పని లేకపోవడం ఏమి విడ్డూరమని మనం ప్రశ్నించుకోవలసి ఉన్నది.

దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ - పేరేదైనా వృత్తి ఒక్కటే. విల్లును భుజాన వేసుకొని వీధి వీధీ తిరిగి, వింటినారిని కొయ్యగూటంతో మీటి, గడ్డకట్టిన దూదిని పింజలుగా విడదీసేవారు. తరువాత విద్యుత్తుతో నడిచే దూది మిషను వచ్చినది. విల్లు మూలపడినది గాని వృత్తి పోలేదు. అప్పో సొప్పో చేసి మిషను కొన్నవాడు దుకాణం పెట్టుకొని నిలబడగలిగాడు. ఆ మార్పు పనిముట్టును మాత్రమే మార్చినది. ఫోము, స్ప్రింగు పరుపులు తెచ్చిన మార్పు వేరు. అది వస్తువునే మార్చివేసినది. దూది పరుపు అణగితే మళ్ళీ ఏకించి కొత్త గలేబు వేయించుకోవచ్చు. ఆ మరమ్మతే దూదేకులవారికి ఏటేటా వచ్చే కూలి. ఫోము పరుపు పాడైతే పారవేయడమే గాని బాగుచేయడం లేదు. వస్తువుతో పాటు మరమ్మతు కూడ మాయమైనది.

కొత్త ఉత్పత్తి పాతదానిని కూలదోసి ముందుకు సాగడాన్ని ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ 1942లోనే 'సృజనాత్మక విధ్వంసం' అన్నాడు. ఈ పోటీలో పెద్దలకు కూడ రక్షణ లేదు. 1962లో స్థాపితమై కొబ్బరి పీచు పరుపులకు పేరుపొందిన కర్లాన్ సంస్థను, స్లీప్‌వెల్ పరుపులు తయారుచేసే షీలా ఫోమ్ 2023లో రెండువేల కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి కైవసం చేసుకున్నది. అయితే అక్కడ ఓడినవారికి వెల దక్కినది. మన వీధిలో ఓడినవానికి దక్కినదేమిటి?

గద్వాల చీరకు మరమగ్గం పోటీ వచ్చినపుడు 1985 నాటి చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించినది. అమలులో లోపాలున్నను అది న్యాయమైన చట్టం. దూదేకుటకు అటువంటి నీడ లేదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నవి. దర్జీ, కుమ్మరి, వడ్రంగి, చేపల వలలు అల్లేవారు ఉన్నారు. దూదేకులవారు లేరు. రూ. 15,000 పనిముట్ల సహాయానికి సైతం వారు అనర్హులైనారు. బి.సి.-బి జాబితాలో వృత్తి పేరుతోనే కులాన్ని గుర్తించిన వ్యవస్థ, వృత్తిని ఆదుకొనవలసిన జాబితాలో ఆ పేరును మరచినది.

ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన ఇళ్ళలోకి కూడ చూచుకొనవలెను. జహేజ్ దురాచారమని ప్రసంగించే మనమే, పెళ్ళి సామానులో కంపెనీ పరుపు లేకుంటే చిన్నతనంగా భావిస్తున్నాము. పక్క వీధిలోని దూదేకుల సోదరుని దుకాణం ముందు నుండే ఆ పరుపును బండి మీద తీసుకొనిపోతున్నాము.

ఫోమును నిషేధించమని మేము కోరడం లేదు. కాలాన్ని వెనుకకు త్రిప్పలేము. దావూద్ (అలైహిస్సలాం) సైతం ఇనుముతో కవచాలు చేసే నైపుణ్యాన్ని నేర్చి, తన చేతి కష్టంతో జీవించిన ప్రవక్త. కొత్త పని నేర్చుకొనడం మనకు పరాయి కాదు. మేము కోరుతున్నది మూడు. విశ్వకర్మ జాబితాలో దూదేకుటను చేర్చవలెను. వడ్డీ రుణంగా గాక గ్రాంటుగా మిషన్లు ఇవ్వవలెను. మైనారిటీ గురుకులాలు, ప్రభుత్వ వసతిగృహాలు కొనే పరుపులలో కొంత భాగాన్ని ఈ మూడు జిల్లాల దూదేకుల సహకార సంఘాలకు కేటాయించవలెను. అట్టి సంఘాలను స్థాపించే బాధ్యత మనది. మస్జిద్ కమిటీలు, యువకులు పూనుకొంటే జిన్నింగు మిల్లుల నుండి దూదిని కలసి కొనడం అసాధ్యమేమీ కాదు.

మన నేల పత్తి మన పిల్లల పడకకు చేరే దారిలో ఒక పేదవాని పొయ్యి వెలిగితే, అది కూడ ప్రగతియే.