కళ్లద్దాలూ వైద్యంలో భాగమే

పెద్దావిడను ఆసుపత్రిలో చేర్చగానే కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ ఎక్కడ పోతాయోనని ఓ కవర్లో వేసి కొడుకు చేతికిచ్చేస్తారు. ఆ రాత్రే ఆమె మనుషుల్ని గుర్తుపట్టదు, సెలైన్ సూది పీకేస్తుంది. ఇంట్లోవాళ్లు మతి పోయిందని బెంబేలెత్తుతారు, కొన్నిచోట్ల చేతులు మంచానికి కట్టేస్తారు. ఇది డెలీరియం. మతిమరుపు జబ్బులా ఏళ్ల తరబడి ముదిరేది కాదు, గంటల్లో వచ్చేది, చాలామందిలో తగ్గిపోయేది. ఇన్ఫెక్షన్లూ మందులూ కారణాలే, కాదనను. కానీ కళ్లకు అంతా మసక, చెవులకు నిశ్శబ్దం, తెలియని గదిలో ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుంటే ఎవరికైనా భయం వేయదా? అమెరికాలో వైద్యురాలు షారన్ ఇనౌయే బృందం 70 ఏళ్లు, ఆపై వయసున్న 852 మంది రోగులను గమనించి 1999లో ఫలితాలు ప్రకటించింది. మామూలు వార్డుల్లో 15 శాతం మందికి డెలీరియం వస్తే, చూపు, వినికిడి, నిద్ర, నీళ్లు, నడక, పలకరింపు పట్టించుకున్నచోట 9.9 శాతానికే వచ్చింది. వీటిలో ఖరీదైన మందు ఒక్కటీ లేదు, అన్నీ నర్సు చేతి పనులే. అందుకే వృద్ధుల సంరక్షణ ప్రణాళిక మొదటి పేజీలో బీపీ, షుగర్ పక్కనే ఈమె దేనితో చూస్తుంది, దేనితో వింటుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది అని రాసి తీరాలంటాను. ఆసుపత్రివాళ్లు రాయకపోతే మీరే అడిగి రాయించండి.