మేడపైని కుంపటి

ఇటీవల చెన్నపురిలో నొక క్రొత్త వేడుక ప్రబలుచున్నది. ఆదివారపు సాయంకాలములందు డాబాలమీదను, బాల్కనీలలోను బొగ్గుల గ్రిల్లు వెలిగించి, బంధుమిత్రులతో గూడి మాంసమో, మొక్కజొన్న కండెలో, పనీరు ముక్కలో కాల్చి భుజించుట ఉద్యోగవర్గమువారికి ప్రియమైన కాలక్షేపమైనది. దీనికి బార్బెక్యూ యని పేరు. ఈ వేడుకను మాన్పింపవలెనని మా యభిప్రాయము గాదు. వారమంతయు ఆఫీసు గదులలో గడపినవారు ఒక పూట ఆకాశము క్రింద నలుగురితో కలిసి భుజించుట కోరదగినదే. కాని, నిప్పును ఎచ్చట నుంచవలయునను ప్రశ్నను మనవారు తగినంత శ్రద్ధతో ఆలోచించుటలేదు. ఆ యొక్క విషయమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

బొగ్గుల కుంపటి మనకు క్రొత్తది కాదు. గ్యాసుపొయ్యి రాక పూర్వము మన యిండ్లలో పాలు కాగినది, కాఫీ కాగినది దానిమీదనే. కాని నాటి కుంపటికి ఒక స్థానముండెను. అది పెరటిలోనో, వాకిటిలోనో, మట్టినేల మీదనో యుండెడిది. దాని ప్రక్క నీళ్ల బిందె యుండెడిది. అన్నిటికంటె ముఖ్యముగా దానిని కనిపెట్టియుండు పెద్దలుండిరి. ఋణశేషమును, శత్రుశేషమును, అగ్నిశేషమును ఉంచరాదని వారికి ఎవరును పుస్తకము చూపి నేర్పలేదు. అది వారి దినచర్యలోని భాగము. నేడు కుంపటి గ్రిల్లు రూపమున మరల వచ్చినది గాని, ఆ పెరడు రాలేదు, ఆ జాగరూకతయు రాలేదు. భోగిమంటను సైతము మనవారు వీధిలో వేసిరిగాని ఇంటిలో వేయలేదు గదా!

ఇండ్లు ప్రక్కప్రక్కన నున్నంతకాలము ఒకరి నిప్పు ఒకరి ముంగిట నుండెను. త్యాగరాయనగరమునందును, కోడంబాకమునందును, అన్నానగరమునందును ఇప్పుడు ఇండ్లు ఒకదానిపై నొకటి పేర్చబడియున్నవి. ఒకరి బాల్కనీకి సరిగా మీదుగా మరియొకరి బట్టలు ఆరుచుండును. ప్రక్కనే శీతలయంత్రపు గొట్టములు, ప్లాస్టిక్ తెరలు, అట్టపెట్టెలు ఉండును. పెక్కు ఇండ్లలో వంటయింటి వెనుక బాల్కనీలోనే అదనపు గ్యాసు సిలిండరు ఉండుట పాఠకు లెరుగుదురు. దానికితోడు మన పట్టణము సముద్రతీరమున నున్నది. సాయంకాలపు గాలి మనకు హాయి గూర్చునట్లే నిప్పురవ్వకు రెక్కల నిచ్చును. రవ్వ యెగిరిపోయి పడుచోటు వెలిగించినవాని వశములో నుండదు. కావున ఈ విషయము ఒక యింటి స్వవిషయముగా భావింప వీలులేదు.

ఇది ఊహామాత్రమైన భయము గాదు. 2017 డిసెంబరు 29వ తేదీని, అర్ధరాత్రి దాటిన కొలదిసేపటికి, ముంబయిలోని కమలా మిల్స్ ఆవరణమునందు మేడపైనున్న భోజనశాలలలో అగ్నిప్రమాదము సంభవించి 14 మంది మరణించిరి. వారిలో పెక్కురు మంటచే గాక పొగచే ఊపిరాడక మరణించిరి. హుక్కాకై వెలిగించిన బొగ్గులనుండి యెగిరిన రవ్వలే దానికి కారణమని అగ్నిమాపక శాఖవారి నివేదిక తెలిపినది. అంతకుముందు, 2004 జూలై 16న, మన కావేరీతీరమందలి కుంభకోణమున ఒక పాఠశాల వంటశాలలోని నిప్పు పైనున్న ఆకుల కప్పు నంటుకొని 94 మంది పసిబిడ్డలు ఆహుతియైరి. ఒకచోట వేడుక, మరొకచోట అన్నము. కాని నిప్పునకు ఆ భేదము లేదు. మండు వస్తువునకు అది చేరువలో నుండుటయే రెండుచోట్లను అనర్థమునకు మూలము.

కావున మొదటి నియమము దూరమే. గోడలకును, చెట్ల కొమ్మలకును, పందిళ్లకును కనీసము 10 అడుగులు, అనగా 3 మీటర్ల యెడమున గ్రిల్లు నుంచవలయునని అగ్నిభద్రతా నిపుణులు చెప్పుదురు. మన బాల్కనీలలో పెక్కింటికి అయిదడుగుల వెడల్పైన లేదు. అట్టిచోట జాగ్రత్తగా వెలిగింతుమనుట మాటమాత్రమే. కొలతయే దానిని నిరాకరించుచున్నది. పైడాబా విశాలమైనను, అచ్చట కొబ్బరియాకుల పందిరియో, నీడకై కట్టిన వలయో, ప్లాస్టిక్ నీటితొట్టియో యున్నయెడల దానినుండియు అంతే దూరము పాటింపవలయును. దిగుటకు ఉన్న ఒక్క మెట్లదారికి అడ్డముగా గ్రిల్లు నిలుపుట మరింత ప్రమాదకరము.

రెండవది తొందర. బొగ్గులు రాజుకొని పైన తెల్లని బూడిద పట్టుటకు అరగంట యైన పట్టును. ఆ యరగంట ఓర్వలేక కిరసనాయిలును, పెట్రోలును, స్పిరిటును కుమ్మరించువారు కలరు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి నిప్పు నంటుకొని వెనుకకు వచ్చును. రగులుచున్న బొగ్గులపై స్పిరిటు పోయగా జ్వాల ధారవెంట చేతిలోని సీసాకే యెగబ్రాకును. మాంసపు క్రొవ్వు కారి మంట లేచినపుడు నీళ్లు చల్లరాదు. నీరు నూనెమంటను చెదరగొట్టును. మూతపెట్టి గాలిరంధ్రములను మూయుటయో, ఇసుక చల్లుటయో తగిన యుపాయము. జారుపైటలు, నైలాను చున్నీలు ధరించినవారును, పిల్లలును గ్రిల్లునకు మూడడుగుల దూరముననే యుండవలయును. చేయి కాలినచో పండ్లపొడియు, పేస్టును పూయక, 20 నిమిషములు పారు నీటిక్రింద నుంచి వైద్యుని చూడవలయును.

మూడవది కంటికి కనబడని యపాయము. చెన్నపురి వానలు చెప్పి రావు. చినుకు పడగానే మండుచున్న గ్రిల్లును గదిలోనికో, మెట్లక్రిందికో లాగుకొనివచ్చుట మనకు సహజముగా తోచును. అది ప్రాణాంతకము. బొగ్గు కాలునపుడు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె ఈ వాయువును 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. పొగ లేదుగదా యని ధైర్యపడరాదు. పొగ యుడిగి ఎర్రగా కణకణలాడు బొగ్గుకూడ ఆ విషమును వెలువరించుచునే యుండును. కిటికీ తెరచినంత మాత్రమున అది పోవునని నమ్మరాదు. ఉత్తరాదిని చలికాలమున అంగీఠీ యనబడు కుంపటిని మూసిన గదిలో నుంచుకొని నిద్రించినవారు తెల్లవారి మేల్కొనని వార్తలు ఏటేట పత్రికలలో చదువుచునే యున్నాము. తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట దీనికి తొలి సూచనలు. వెంటనే ఆరుబయటికి వచ్చి 108కి తెలుపవలయును. వాన వచ్చినచో వంటను వదలుకొనుటయే వివేకము.

నాలుగవది విందు ముగిసిన తరువాతి సంగతి. అతిథులు పోయిరి, నిద్ర వచ్చుచున్నది, బూడిద చల్లారినట్లున్నది. నివురుగప్పిన నిప్పు అను మాట మన భాషలో ఊరక పుట్టలేదు. బూడిదక్రింద బొగ్గులు 24 గంటలకు పైగా వేడి నిలుపుకొనగలవు. అట్టిదానిని ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయుట రాత్రి యందరు నిద్రించునప్పుడు మంట పెట్టుటతో సమానము. మూతగల లోహపు బకెట్టులో నుంచి, రెండు దినములు ఆరనిచ్చి, పిదప నీళ్లతో కలియబెట్టి పారవేయవలెను.

ఇక చట్టమునుగూర్చి యొక మాట. ఇతరుల ప్రాణములకు అపాయము కలుగునట్లు నిప్పు విషయమున నిర్లక్ష్యముగా ప్రవర్తించుట 1860 నాటి భారత శిక్షాస్మృతి కాలమునుండియు నేరమే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను ప్రకారము దీనికి ఆరు మాసముల వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. ఎవరును కాలి చనిపోవువరకు చట్టము వేచియుండదని మన న్యాయవాదులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను శిక్షాభయముకంటె పొరుగువారి యెడ బాధ్యత శ్రేష్ఠము. పైయంతస్తులో ఆరోగ్యము చాలని ముదుసలి యుండవచ్చును. ప్రక్క యింటిలో పసిబిడ్డ నిద్రించుచుండవచ్చును. మెట్లు దిగి పారిపోలేనివారిని తలచుకొనియే మనము అగ్గిపుల్ల గీయవలయును.

ఈ నగరమందలి నివాససంఘములలో కార్యదర్శులుగను, కోశాధికారులుగను పనిచేయుచున్న తెలుగువారు పెక్కురు కలరు. వారు వైద్యులు, ఇంజనీర్లు, ఆడిటర్లు, వకీళ్లు. నియమములు వ్రాయుటలో వారికి శిక్షణ యున్నది. వారికి మా మనవి యిది. బాల్కనీలలో బొగ్గు వెలిగించుటను సంఘముయొక్క తీర్మానముచే నిషేధింపుడు. ఉత్త నిషేధముతో ఆగక, నేలమీద వాహనములకును, గోడలకును దూరముగా ఒక స్థలము నేర్పరుపుడు. అచ్చట రెండు బకెట్ల ఇసుకయు, ఒక అగ్నిమాపక యంత్రమును ఉంచుడు. 101, 112 అను సంఖ్యలను మెట్లవద్ద పెద్ద యక్షరములతో వ్రాయింపుడు. స్థలము లేని భవనములలో విద్యుత్ గ్రిల్లుతో తృప్తిపడవలయును. రుచిలో కొంత లోపించినను నిప్పురవ్వ యెగురదు.

వీనికి కావలసిన వ్యయము ఒక్క విందు ఖర్చుకంటె ఎక్కువ కాదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మన సంఘములకు అలవాటైన పద్ధతి. అట్లు గాక, రాబోవు మాసపు సమావేశములోనే ఈ తీర్మానమును చేయుదురుగాక యని కోరుచున్నాము.