ఫీజు కట్టే ముందు

ఇండియాలో పదేళ్ళు కెమిస్ట్రీ లెక్చరర్‌గా పని చేసి ఇక్కడ బర్నబీకి వచ్చిన మిత్రుడొకాయన మొన్న నన్నడిగారు, "ఏ సర్టిఫికేషన్ చేస్తే ఉద్యోగం వస్తుందండీ?" అని. చేతిలో మిగిలిన డబ్బంతా ఒక్క కోర్సులో పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

నేను చెప్పిందిది. ముందు కోర్సులు చూడకండి, ఉద్యోగ ప్రకటనలు చూడండి. మీకు కావలసిన ఉద్యోగానికి ఓ ఇరవై ప్రకటనలు చదివి, ఏ పరీక్ష పేరు ఎక్కువసార్లు కనిపిస్తోందో రాసుకోండి. తర్వాత ఆ పరీక్ష సిలబస్ చదవండి. సిస్కో, కాంప్‌టియా సైట్లలో అది ఉచితమే. కోర్సు సంగతి ఆఖర్న.

పేరుని మాత్రమే నమ్ముకుంటే చిక్కే. ఒకప్పుడు అమీర్‌పేట బోర్డులమీద వెలిగిన ఎం.సి.ఎస్.ఇ.ని మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో ఎత్తేసింది. సి.సి.ఎన్.ఎ. గడువు మూడేళ్ళే.

నేనూ అమీర్‌పేటలో డంపులు బట్టీపట్టి ఒక పరీక్ష పాసయినవాణ్ణే. ఇంటర్వ్యూలో స్విచ్ ముందు కూర్చోబెడితే కాళ్ళూ చేతులూ ఆడలేదు. అందుకే, ల్యాబ్ లేని కోర్సుకి డబ్బు కట్టొద్దంటాను.

ఇంకొకటి. బ్రిటిష్ కొలంబియాలో 40 గంటలు, 4,000 డాలర్లు లేదా ఆపైన ఉండే ప్రైవేటు ఉద్యోగ శిక్షణకి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇక్కడి బి.సి.ఐ.టి.లో పార్ట్‌టైం సబ్జెక్టులు ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు. ఒకటి చేసి చూసి, మనకి పడదనిపిస్తే ఆగిపోవచ్చు. డబ్బంతా పోదు.

మా మిత్రుడు ఇంకా ఫీజు కట్టలేదు. ప్రకటనలు చదువుతున్నారు.