పట్టు విడువని బ్రేకు



ఇంటిలోని పాత మోటారు సైకిలు ముందు బ్రేకు, పిడి విడిచిన పిమ్మటను చక్రమును పట్టుకొనియే యుండుననియు, రెండు మారులు ప్యాడ్లు మార్పించినను ఫలము లేదనియు, కుమారుడు ప్రతిదినమును దానిపైననే పనికి బోవుచుండుటచే మనసు నిలువకున్నదనియు ఒక సోదరి మాకు వ్రాసియున్నారు. ఇట్టి బండ్లు పెక్కిండ్ల నున్నవి గావున సమాధానము నందఱకును దెలుపుచున్నాము.

ఆమె భయము నిరాధారము కాదు. ప్యాడ్లు ఎడతెగక రాచుకొనుచుండినచో డిస్కు కాగును. ఆ వేడిమి బ్రేకు ఆయిలునకు బ్రాకును. డాట్ 4 రకపు ఆయిలు క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరుగదు. గాలిలోని తేమను పీల్చి పాతబడినచో 155 డిగ్రీల కడనే మరుగవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టినపుడు పిడి మెత్తగా లోనికి బోవునే కాని బండి నిలువదు. ఒక్కొక్కప్పుడు చక్రమే బిగిసి మనుష్యుని పడద్రోయును. కావున లోపము తీరు వఱకు ఆ బండిని నడుపరాదు.

పిడి నొక్కగా మాస్టర్ సిలిండరులోని ఆయిలు హోసు గుండ దిగి, చక్రము కడనున్న కాలిపరులోని పిస్టనును నెట్టును. అది ప్యాడ్లను డిస్కున కదుమును. పిడి విడువగా పిస్టను చుట్టునున్న రబ్బరు సీలు దానిని వెనుకకు లాగును; ఆయిలు పైకి మరలును. ఈ తిరుగుదారిలో నెచట నడ్డు గలిగినను బ్రేకు పట్టు విడువదు. ప్యాడ్లు మార్చినంత మాత్రమున ఆ యడ్డు తొలగునా?

అడ్డెచట నున్నదో కనుగొనుటకు మెకానిక్కుచే నీ పరీక్ష తమ యెదుటనే చేయింపుడు. బండిని డబుల్ స్టాండుపై నిలిపి, ఒకరు వెనుక భాగము నదిమి ముందు చక్రమును పైకి లేపవలెను. పిడి నొక్కి విడిచి, చక్రమును చేతితో ద్రిప్పి చూడవలెను. తిరుగనిచో, మాస్టర్ సిలిండరు కడ హోసును బిగించిన బోల్టును కొంచెము వదులు చేయవలెను. అంతట చక్రము విడివడెనా, లోపము మాస్టర్ సిలిండరుది. అందలి సూదిబెజ్జమంత తిరుగు రంధ్రము మడ్డిచే మూసుకొని యుండును. లేదా పిడికి కొంచెమైనను వదులు లేకుండ బిగింపబడి యుండును. విడివడనిచో, ఆ బోల్టును బిగించి, కాలిపరుపైనున్న నిపిలును వదులు చేయవలెను. ఇపుడు విడివడినచో హోసు లోపల నుబ్బి మూసుకొన్నదని తెలియదగును. దానిని మార్చుటయే మందు. అప్పటికిని విడువనిచో దోషము కాలిపరులోనిదే. పిస్టను తుప్పు పట్టియో, కాలిపరు జరుగు పిన్నులు ఎండియో యుండును. వానిని శుభ్రపఱచి, క్రొత్త సీళ్లు వేయింపవలెను.

పని ముగిసిన పిదప లోని గాలిని దీయించుట మఱువరాదు. బ్రేకు ఆయిలు రంగును చెఱచును. పడినచోట వెంటనే నీటితో గడుగుడు. పెట్రోలుగాని, ఇంజను ఆయిలుగాని సీళ్లకు దగిలినచో రబ్బరు పాడగును. డబ్బా మూతపై వ్రాసిన రకపు ఆయిలునే వాడి, రెండేండ్ల కొకసారి మార్పింపుడు.

ప్యాడ్లకు మరల సొమ్ము వెచ్చించుటకు ముందు ఈ పరీక్ష జరుగవలెను. చక్రము చేతితో త్రిప్పగా నిరాటంకముగా దిరుగుటయు, పిడి గట్టిగా నిలుచుటయు మీరు స్వయముగా జూచిన పిమ్మటనే బండి తాళము బిడ్డల చేతికిండు.