పిల్లిగద్ద రెక్కలెందుకు ఎత్తుతుంది?

చలికాలంలో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద నిలబడితే, రెండు పక్కలా పులికాట్ సరస్సు కనిపిస్తుంది. ఫ్లెమింగో పక్షులను చూడటానికి అక్కడికి ఎంతోమంది వస్తారు. కాని తలయెత్తి గద్దలను చూసేవారు తక్కువ. ఈ నెల మనం వాటినే చూద్దాం.

కోడిపిల్లలున్న ప్రతి ఇంటివాళ్ళకూ మామూలు గద్ద బాగా తెలుసు. అది రెక్కలు బల్లపరుపుగా చాచి గాలిలో తేలుతుంది. అయితే దాని తోక మటుకు ఊరుకోదు. క్షణానికోసారి అటూ ఇటూ తిరుగుతూనే వుంటుంది.

ఇక కింద, తుంగ మీదుగా మెల్లగా పోయే మరో పక్షిని చూడండి. అది పిల్లిగద్ద. ఎండాకాలమంతా ఉత్తరాన చలిదేశాలలో గడిపి, చలికాలంలో మన తీరానికి వస్తుంది. అది ఎదురుగా వచ్చేటప్పుడు చూస్తే, రెక్కలు రెండూ కొంచెం పైకెత్తి, సగం తెరిచిన పుస్తకంలాగా కనిపిస్తుంది. రెక్కలు అల్లార్చకుండానే చాలా దూరం అలా సాగిపోతుంది.

రెక్కలు ఎత్తటం వల్ల దానికి లాభమేమిటి?

పిల్లిగద్ద ఎడమవైపుకు కాస్త ఒరిగిందనుకోండి. ఒరిగిన పక్షి ఒరిగిన వైపుకే జారుతుంది. ఎడమకు జారుతున్నదంటే, ఎడమవైపు నుంచి గాలి దానికి తగులుతున్నదన్న మాట. రెక్కలు ఎత్తి వున్నాయి గనక, ఆ గాలి ఎడమ రెక్కకు అడుగున తగులుతుంది, కుడి రెక్కకు పైన తగులుతుంది. అందుచేత ఎడమ రెక్కను పైకి లేపే బలం పెరుగుతుంది, కుడి రెక్కను లేపే బలం తగ్గుతుంది. పక్షి మళ్ళీ తిన్నగా అవుతుంది. ఇదంతా దానంతట అదే జరిగిపోతుంది. పిల్లిగద్ద చూపంతా తుంగలో కదిలే కప్ప మీద వుంచవచ్చు.

ఇది నిజమో కాదో మీరే చూడవచ్చు. కాగితంతో విమానం చేసి, రెక్కలు కొంచెం పైకి వుండేటట్టు మడిచి, గాలి లేని గదిలో మెల్లగా వదలండి. తరవాత అదే విమానం రెక్కలు కిందికి వంచి వదలండి. ఒక్కసారితో తేల్చకుండా, ఒక్కొక్క తీరున పదేసి సార్లు వదిలి, ఎన్నిసార్లు బోర్లాపడిందో రాసుకోండి.

మరి ఇంత సుఖం వుంటే, అన్ని పక్షులూ రెక్కలు ఎత్తే ఎగరవచ్చు గదా? ఎగరవు. ఎందుచేతనంటే దీనికి నష్టం కూడా వుంది. ఎత్తిన రెక్కల బలం తిన్నగా పైకి పోక, కొంత లోపలివైపుకు పోయి వృథా అవుతుంది. పైగా పక్కనుంచి పెద్దగాలి విసిరితే, ఆ వైపు రెక్క అడుగున కొట్టి పక్షిని రెండో వైపుకు ఒరగదోస్తుంది. మామూలప్పుడు కాపాడే ఉపాయమే అప్పుడు ఎదురు తిరుగుతుంది!

ఈ సంగతిని 1900 లో విల్బర్ రైట్ గమనించాడు. అమెరికాలో, కిట్టీహాక్ అనే సముద్రతీరపు ఇసుకదిబ్బల మీద కూర్చుని పక్షులను చూశాడు. రెక్కలు ఎత్తి తేలే రాబందులాంటి పక్షి, పెద్దగాలిలో రెక్కలు సమంగా చాచే డేగల కన్న ఎక్కువ అవస్థ పడుతున్నదని తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. 1903 డిసెంబరు 17 న రైట్ సోదరులు ఎగిరించిన విమానం రెక్కలు పైకి లేవు, చివరలు కాస్త కిందికే వాలి వున్నాయి. దాన్ని నడిపేవాడు ప్రతి క్షణమూ సరిదిద్దుకుంటూ వుండవలసిందే, తోక తిప్పే గద్దలాగా. మొదటిసారి అది 12 సెకన్లలో 120 అడుగులు పోయింది. ఈనాటి ప్రయాణికుల విమానాలలో చాలావాటికి రెక్కలు కొంచెం పైకెత్తి వుంటాయి. వాటిలో కూర్చునేవారికి కుదుపు లేని ప్రయాణమే ముఖ్యం.

విమానం రెక్కలను ఒకసారి బిగిస్తే అంతే. పక్షి మటుకు గాలిని బట్టి, పనిని బట్టి రెక్కల వాలు మార్చుకుంటుంది. ఎర కనబడగానే పిల్లిగద్ద ఆ సుఖమంతా వదిలేసి, గిరుక్కున తిరిగి తుంగలోకి దూకుతుంది.

పులికాట్ అవతలి ఒడ్డున, శ్రీహరికోటలో, మన రాకెట్లు ఎగిరే కేంద్రం వుంది. 2002 లో దానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 1972 నుంచి 1984 దాకా ఆయన ఇస్రోకు అధ్యక్షుడు. గాలి కదలికల శాస్త్రంలో పండితుడు. రాకెట్ల పనిలో అంత తలమునకలుగా వున్న ఆయన, పక్షులు ఎగిరే తీరు గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు.

ఈసారి మీ ఊరి చెరువు మీద గద్ద కనిపిస్తే, అది ఎదురుగా వచ్చేదాకా ఆగి చూడండి. రెక్కలు ఎత్తిందా, చాచిందా? ఆనాడు గాలి ఎలా వీస్తున్నది? రెండూ కలిపి రాసుకోండి. ఒక నెల గడిచాక ఆ కాగితం మీకే ఎన్నో సంగతులు చెబుతుంది.