కళాకారుడికి ఢిల్లీ పిలుపు

దినపత్రికలో అప్పుడప్పుడు ఒక ఫొటో పడుతూ ఉంటుంది. ఢిల్లీలో పెద్ద సభ. వేదిక మీద రాష్ట్రపతి. ఎదురుగా ఒక పెద్దాయన. భుజాన కొత్త అంగవస్త్రం, చేతిలో తామ్రపత్రం, ముఖాన కొంచెం సంతోషం, కొంచెం బెదురు. కింద చిన్న అక్షరాలతో 'సంగీత నాటక అకాడమీ అవార్డు స్వీకరిస్తున్న విద్వాంసుడు' అని రాసి ఉంటుంది. మనం "పాపం, ఎవరో పెద్దవారే!" అనుకుని పేజీ తిప్పేస్తాం. సీరియల్లో కథానాయిక గతి ఏమయిందో తెలుసుకోవాలన్న తొందర మనది!

తప్పేమీ లేదు. కాని ఆ ఫొటో వెనకా ఒక కథ ఉంది. అందులో రాజులున్నారు, జమీందార్లున్నారు, ఒక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉన్నారు, చూపు సరిగా ఆనని ఒక ఫిడేలు విద్వాంసుడు ఉన్నాడు. ఆ కథ మన విజయనగరం మీదుగా పోతుంది కూడాను.

పూర్వం విద్వాంసుడికి కావలసినదల్లా ఒక్కటే, ఆస్థానం. మైహర్ మహారాజు కొలువులో అల్లాఉద్దీన్ ఖాన్, రాంపూర్ నవాబు కొలువులో ముష్తాక్ హుస్సేన్ ఖాన్, పిఠాపురం సంస్థానంలో మన తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారు. ప్రభువుకు మనసైతే కనకాభిషేకం, లేకపోతే కటిక ఉపవాసం. అయినా ఇంటిల్లిపాదికీ తిండి గింజలకు లోటు లేకుండా సాధన సాగేది.

1947లో స్వరాజ్యం వచ్చింది. సంస్థానాలు దేశంలో కలిశాయి. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దుకు చట్టం వచ్చింది. రైతుకు మేలు జరిగింది, జరగవలసిందే. కాని ఆ దివాణాల నీడను బతుకుతున్న వీణకూ ఫిడేలుకూ దిక్కెవరు? కచేరికి టిక్కెట్టు కొనే అలవాటు మన ఊళ్ళలో ఇంకా బాగా ముదరలేదు. ఆకాశవాణి ఒక్కటే ఎంతమందిని సాకగలదు?

ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినవాటిలో ఒకటి సంగీత నాటక అకాడమీ. 1952 మే 31న భారత ప్రభుత్వం తీర్మానం చేసింది. 1953 జనవరి 28న పార్లమెంటు భవనంలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభోత్సవం చేశారు. మొదటి అధ్యక్షుడెవరనుకున్నారు? మన తెలుగువారే, శ్రీ పాకాల వెంకట రాజమన్నారు గారు. అప్పటికి ఆయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. పగలల్లా తీర్పులు చెప్పే ఆ పెద్దమనిషి తెలుగులో నాటకాలు రాసిన రచయిత కూడా. 'తప్పెవరిది?' అన్న ఆయన నాటకం ఆ రోజుల్లో ఎంత చర్చ లేవదీసిందో పెద్దలకు జ్ఞాపకమే.

తొలి బహుమానాలు 1951-52 సంవత్సరానికి ఇచ్చారు. సంగీతంలో నలుగురు. హిందూస్తానీ గాత్రానికి ముష్తాక్ హుస్సేన్ ఖాన్, వాద్యానికి అల్లాఉద్దీన్ ఖాన్. కర్ణాటక గాత్రానికి అరియకుడి రామానుజయ్యంగారు, వాద్యానికి వీణ విద్వాంసుడు కారైకుడి సాంబశివయ్యరు. ఉత్తరాదికి రెండు, దక్షిణాదికి రెండు, త్రాసులో తూచినట్టు! నిన్నటిదాకా నవాబుల ముందు వంగి సలాము చేసిన విద్వాంసులు ఇప్పుడు ప్రజలు ఎన్నుకున్న దేశాధినేత చేతుల మీదుగా సన్మానం అందుకున్నారన్నమాట. పోషకుడు మారాడు. దర్బారు పోయి రిపబ్లిక్కు వచ్చింది.

మరుసటి ఏడు, 1953లో, మళ్ళీ నలుగురు. గాత్రంలో కేసర్‌బాయి కేర్కర్, శెమ్మంగుడి శ్రీనివాసయ్యరు. వాద్యంలో సరోద్ విద్వాంసుడు హఫీజ్ అలీఖాన్, ఫిడేలుకు మన ద్వారం వెంకటస్వామినాయుడు గారు.

ఈ నలుగురిలో హఫీజ్ అలీఖాన్ గారిని గురించి ఒక ముచ్చట చెప్పుకొంటారు. రాజేంద్రప్రసాద్ గారు ఆయనను ఆదరించి, "మీకేం కావాలో అడగండి" అన్నారట. ఇల్లు అడగవచ్చు, పింఛను అడగవచ్చు. ఆయన అడిగిందేమిటి? దర్బారీ రాగాన్ని ఎవరుబడితే వారు పాడి పాడుచేస్తున్నారు, దాని స్వచ్ఛత నిలబెట్టడానికి ఏదైనా చెయ్యండి అని! రాష్ట్రపతి నవ్వుకొని ఉంటారు. రాగాన్ని కాపాడే చట్టం ఏ రాజ్యాంగంలో ఉంది? కాని ఆ కోరికలో ఒక సత్యం ఉంది. ప్రభుత్వం తామ్రపత్రం ఇవ్వగలదు, డబ్బు ఇవ్వగలదు. రాగాన్ని కాపాడడం మాత్రం వినేవాళ్ళ చేతిలో పని.

ఇక కేసర్‌బాయి. 1977లో అమెరికావారు 'వాయేజర్' నౌకలు రెండింటిని అంతరిక్షంలోకి పంపుతూ, భూలోకపు పాటలను ఒక బంగారు పూత రికార్డు మీద ఎక్కించారు. అందులో మన దేశపు గానంగా వెళ్ళింది ఈమె గొంతే. ఢిల్లీ పిలుపు వచ్చిన పాతికేళ్ళకు నక్షత్రాల పిలుపు వచ్చింది!

ద్వారం వారి సంగతి కొంచెం తీరుబడిగా చెప్పుకోవాలి.

ఆయన పుట్టింది 1893 నవంబరు 8న బెంగుళూరులో, పెరిగింది విశాఖపట్నంలో. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే తొలి గురువు. చిన్నతనం నుంచీ చూపు మందం. 1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. కళ్ళు లేని ఒక కుర్రవాడికి సంగీతం చెప్పించాలన్న తలపుతోనే దానికి అంకురార్పణ జరిగిందంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థిగా చేరుదామని వెళ్ళిన నాయుడు గారి వాద్యం విని, "నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు!" అని ఫిడేలు ఆచార్యుణ్ణి చేశారని ప్రతీతి. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు.

ఫిడేలు మన వాద్యం కాదు, పరదేశపు సరుకు. రమారమి రెండు వందల ఏళ్ళ కిందట బాలుస్వామి దీక్షితులు మొదలైనవారు దాన్ని పట్టి మన గమకాలు పలికించారు. కాని దాని స్థానం ఏమిటి? పక్కవాద్యం. గాయకుడు పాడిందానికి వంత పాడడం, ఆయన మెచ్చుకుంటే తల పంకించడం. అటువంటి వాద్యాన్ని వేదిక మధ్య కూర్చోబెట్టి, ఒక్కదానితోనే నిండు కచేరి నడిపించినవారిలో ద్వారం వారు అగ్రగణ్యులు. ఆయన కమాను నాదం గట్టిగా ఉండేది కాదు, నిండుగా ఉండేది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సదస్సుకు అధ్యక్షత వహించారు. 1952లో పాశ్చాత్య దేశాల్లో పేరు మోసిన ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, రాజమన్నారు గారింట ద్వారం వారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. ఆ మరుసటి ఏటి బహుమానం ఆయనది. 1957లో పద్మశ్రీ. 1964 నవంబరులో కన్నుమూశారు.

ఇక్కడ గమనించవలసిన ముచ్చట మరొకటి ఉంది. ఆ విజయనగరం కళాశాలలోనే ద్వారం నరసింగరావు గారి దగ్గర చదువుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో ఇదే అకాడమీ అవార్డు వచ్చింది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ కళాశాలలోనే డిప్లమా పుచ్చుకున్న ఒక అమ్మాయి మద్రాసు వెళ్ళి సినిమాలలో పాడింది. జాతీయ చలనచిత్ర బహుమతులలో ఉత్తమ నేపథ్య గాయని బహుమతి పెట్టినప్పుడు మొట్టమొదట, 1968 సంవత్సరానికి, అందుకున్నది ఆమే. తమిళ చిత్రం 'ఉయర్న్ద మనిదన్'లోని పాటకు. ఆమె ఎవరో చెప్పాలా? పి. సుశీల గారు. ఢిల్లీలో పండిన పంటకు విత్తనం పడింది విజయనగరంలో, ఒక పంతులు గారి తరగతి గదిలో.

నేదునూరి వారికి మరొక గురువు డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు. వృత్తికి వైద్యులు. రోగులను చూసుకుంటూనే వందలాది కృతులకు స్వరాలు రాసిపెట్టారు. అవి 'సంగీత సౌరభం' పేర తిరుమల తిరుపతి దేవస్థానం వారు అచ్చువేశారు. 1977లో అకాడమీ ఆయనను సత్కరించింది. నూరేళ్ళకు కొద్ది నెలలు తక్కువగా బతికి 2013లో వెళ్ళిపోయారు. బాలమురళీకృష్ణ గారికి 1975లో, వీణ చిట్టిబాబు గారికి 1990లో ఇదే గౌరవం దక్కింది. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారికీ దక్కింది. పట్టిక పెంచుకుంటూ పోతే పేజీలు చాలవు.

"ఇంతకీ బహుమానం ఎంత?" అని అడిగేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పాపం, ఇంటి ఖర్చు రాసుకునేవారికి ఆ ప్రశ్న సహజమే. తామ్రపత్రం, అంగవస్త్రం, 1 లక్ష రూపాయలు. దీనికి పై మెట్టు రత్నసదస్యత. అది 3 లక్షలు. దేశం మొత్తం మీద ఒక్కసారికి 40 మందికి మించి ఉండకూడదని నియమం. నలభై ఏళ్ళలోపు వారికి 2006 నుంచి ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ పేరిట యువ పురస్కారం ఇస్తున్నారు. 25,000 రూపాయలతో మొదలయింది.

జీవితమంతా తెల్లవారుజామున లేచి సాధన చేసినవాడికి లక్ష రూపాయలు ఒక లెక్కా? కాదు. కాని అది అందే వేళ మాత్రం లెక్కే. ఈ అవార్డుల మీద నాకున్న పేచీ అంతా ఆ వేళ దగ్గరే.

చూడండి. 2019, 2020, 2021 మూడేళ్ళ అవార్డులూ కలిపి 2023 ఫిబ్రవరిలో విజ్ఞాన్ భవన్‌లో ఒక్కసారే ఇచ్చారు. మధ్యన కరోనా వచ్చిపడింది, సరే. 2022, 2023 రెండేళ్ళవీ కలిపి 2024 మార్చి 6న ఇచ్చారు. ప్రభుత్వానికి ఏడాది ఆలస్యం ఫైలులో ఒక కాగితం. ఎనభై ఏళ్ళ విద్వాంసుడికి ఏడాదంటే ఎంతో!

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది 2023 సెప్టెంబరు 16న జరిగిన సభ. స్వాతంత్ర్య అమృతోత్సవం పేరుతో, 75 ఏళ్ళు దాటినా అంతవరకూ జాతీయ స్థాయిలో ఏ గౌరవమూ దక్కని 84 మంది కళాకారులను పిలిచి ఉపరాష్ట్రపతి చేతుల మీదుగా 'అమృత అవార్డులు' ఇప్పించారు. చాలా మంచి పని. ఆలోచన వచ్చినవారికి నమస్కారం పెట్టాలి. అయితే 84 మందిని వెతికితే దొరికారంటే, డెబ్బై ఏళ్ళు వచ్చేలోపు రాలిపోయినవారు ఎంతమంది ఉంటారో? వారి పేర్లు ఏ తామ్రపత్రం మీదా ఎక్కవు. పల్లెటూళ్ళో హరికథ చెప్పినవాడు, గుడిలో డోలు వాయించినవాడు, పాతికమంది పిల్లలకు సరళీస్వరాలు నేర్పిన పంతులమ్మ గారు. వీళ్ళు దరఖాస్తు పెట్టరు. వీళ్ళ తరఫున సిఫారసు రాసేవారూ ఉండరు.

అందుకని అవార్డులు దండుగ అందామా? అనలేం. సన్మానం జరిగిన మర్నాడు ఆ ఇంటి వీధివారికి కొత్త చూపు వస్తుంది. నిన్నటిదాకా "పొద్దున్నే ఆ రొద ఏమిటండీ" అన్న పక్కింటాయన ఇవాళ తన మనుమణ్ణి చెయ్యి పట్టుకొని పాఠానికి తీసుకొస్తాడు. తామ్రపత్రం చేసే అసలు మేలు అదే. అది విద్వాంసుడికి విద్య ఇవ్వదు. చుట్టూ ఉన్నవారికి చెవులు ఇస్తుంది.

ఆ చెవులు ఢిల్లీనుంచి రానక్కరలేదని నేనంటాను. మన ఇళ్ళల్లో అమ్మాయికి ఎనిమిదో ఏట సంగీతం మొదలుపెడతాం. వర్ణాల దాకా బాగానే సాగుతుంది. పదో తరగతి రాగానే "పరీక్షలు" అంటాం. తరువాత ఇంజనీరింగు, ఆ తరువాత పెళ్ళి. వీణ గలేబులోకి పోతుంది, హార్మనీ పెట్టె అటకెక్కుతుంది. వారానికి రెండు రోజులు ఎండనక వాననక వచ్చి పాఠం చెప్పిన మాస్టారికి నెల జీతం ఇవ్వడంలో మాత్రం మనం చాలా పొదుపరులం. ట్యూషను మాస్టారికి అడిగినంత ఇస్తాం, సంగీతం మాస్టారితో బేరమాడతాం! ఊళ్ళో త్యాగరాజ ఆరాధన జరిగితే మొదటి రోజు పంచరత్నాలకు వెళతాం. మూడో రోజు ఫిడేలు సోలోకు ముందు వరస కుర్చీలు ఖాళీ.

రాష్ట్రపతి గారు ఏడాదికి ఏ కొద్దిమందినో సత్కరించగలరు. మిగిలినవారి సత్కారం మన వంతు. మీ ఊళ్ళో, మీ పేటలో పాఠాలు చెప్పే ఒక పెద్దాయనో, పెద్దామెనో ఉండే ఉంటారు. వచ్చే దసరాకు ఒక సాయంత్రం వారిని ఇంటికి పిలవండి. పదిమంది ఇరుగుపొరుగును కూర్చోబెట్టండి. గంటసేపు పాడించుకోండి. తాంబూలంలో ఒక పంచె, మీకు తోచినంత దక్షిణ పెట్టండి. చేతులు వణకకముందే, గొంతు బొంగురుపోకముందే పిలవండి. ఆ రోజు రాష్ట్రపతి మీరే!